పడవవాడి టోపీ

సాబిరా ఎజె ఊలు కొస పట్టుకుని లాగింది. పెద్ద కష్టమేం పడలేదు. మేరిమ్ ఇన్నాళ్ళూ కూర్చుని అల్లిన పట్టీ వరస తరవాత వరస చప్పుడు లేకుండా విడిపోయి, వంకర్లు తిరిగిన పోగై బల్ల మీద కుప్పపడింది.

"మళ్ళీ మొదలుపెట్టు," అంది సాబిరా ఎజె. "ఈసారి కుడిచేత్తో. మనింట్లో ఎడమచేత్తో ఎవరూ సూది పట్టలేదు. ఆ చేత్తో పెడితే రొట్టె కూడా తీసుకోరు."

"సరేనమ్మా," అంది మేరిమ్. తల వంచుకుని, సూదులు కుడి ఎడమలు మార్చి పట్టుకుంది. నిన్నటిదాకా ఎడమచేతిలో చకచకా ఆడిన సూది కుడిచేతిలోకి రాగానే కొయ్యబారిపోయింది.

కిర్గిజ్ కొండల్లోని నరిన్ ఊరి గ్రంథాలయంలో కిటికీ పక్కన పొడుగు బల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా తమ తమ అల్లికల్లో ఎక్కడలేని శ్రద్ధ చూపించసాగారు. అత్తాకోడళ్ళ మధ్య మాట పడితే పక్కవాళ్ళు చూపు తిప్పుకోవడం అక్కడి మర్యాద. పైగా ఊరంతా 'ఎజె', అంటే అక్క, అని పిలిచే సాబిరాని ఎదిరించే ధైర్యం ఎవరికీ లేదు. ఈ ఆదివారం బృందాన్ని మొదలుపెట్టింది ఆమె. టీవీలో 'మునిగిన లోయ' ధారావాహిక వస్తూంటే ఊరు ఊరంతా పని ఆపుకుని చూస్తోందని గమనించి, అందులో మనుషులు తొడుక్కున్నవన్నీ మనమే అల్లుకుందాం రండి అని పిలిచింది కూడా ఆమే. నీళ్ళు పెరిగి లోకం మునిగిపోయాక కొండ కొమ్ముల మీద బతికే జనం కథ అది. అందులో రాణిగారి శాలువా, దీపాలు వెలిగించే పిల్ల వేళ్ళు లేని పసుపు చేతొడుగులు, కొమ్ము నించి కొమ్ముకి మనుషుల్ని దాటించే పడవవాడి బూడిదరంగు టోపీ ఈ బల్ల మీద రూపు దిద్దుకుంటున్నాయి.

బల్లకి అటుపక్క కూర్చున్న కాలిపా మాత్రం చూపు తిప్పుకోలేదు. ఆమె బడిలో ఆటల టీచరు. వాలీబాల్ ఆడి ఆడి రెండు వేళ్ళు వంకరపోయిన పెద్ద చేతులు. నలభై దాటాక మొదటిసారి సూదులు పట్టుకుంది. సూది పట్టడం రాని కిర్గిజ్ ఆడది ఉంటుందా అని పక్కన కూర్చున్న గుల్‌బారా మొదటి రోజే ఆశ్చర్యపోయింది. "ఉంటుంది, ఇదిగో," అని కాలిపా తనని తాను చూపించుకుంది. ఆ టోపీ పడవవాడిది కాకపోయుంటే ఆమె ఈ గదిలో అడుగుపెట్టేదే కాదు. పడవవాడంటే ఆమెకి అంత అభిమానం. అతన్ని ఎవరైనా ఒక్క మాటంటే టీచర్ల గదిలో టీ చల్లారేదాకా వాదించేది.

సాబిరా ఎజె బల్ల చుట్టూ తిరిగొచ్చి కాలిపా వెనక నిలబడింది.

"ఇదేమిటి?"

"టోపీ."

"కింద వెడల్పు, పైన సన్నం. పడవవాడి టోపీయా, పడవ తెరచాపా?"

గుల్‌బారా కిసుక్కున నవ్వింది. సాబిరా ఎజె చెయ్యి ఊలు కొస వైపు వచ్చింది. కాలిపా తన అరచెయ్యి తెచ్చి అల్లిక మీద పరిచింది. అంత పెద్ద చెయ్యి పడేసరికి అల్లిక అంగుళం కూడా బయటికి కనిపించలేదు.

"వద్దు ఎజె. తప్పుల తడకని నాకూ తెలుసు. కానీ నా తడక. విప్పాలంటే నేనే విప్పుకుంటాను."

సాబిరా ఎజె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమెకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"శనివారం సినిమా హాల్లో ఆఖరి భాగం వేస్తున్నారు," అని అందరికీ వినిపించేలా నెమ్మదిగా చెప్పింది. "మనందరికీ ఫొటో తీస్తారు. అది అల్మాతీ వెళ్తుంది, ఈ కథ తీసినవాళ్ళు చూస్తారు. వరస తప్పిన అల్లిక అందులో కనిపిస్తే నరిన్ ఆడవాళ్ళకి సూదులే చేతకావనుకుంటారు. కుదరనివాళ్ళు సినిమా చూడండి. ఫొటోలోకి రావద్దు."

మేరిమ్ కుడిచేతిలో సూది జారి నేలమీద పడింది. వంగి తీసుకుంటున్నప్పుడు ఆ పిల్ల ముఖం బల్లకింద కాలిపాకి ఒక్క క్షణం కనిపించింది. ఏడవడం లేదు. ఓడిపోయిన జట్టు బెంచీ మీద కూర్చున్నప్పుడు ఉండే ముఖం అది. ఆ ముఖాలు కాలిపాకి కొత్త కాదు.

కోట్లు తగిలించే చోట కాలిపా ఆ పిల్లని పట్టుకుంది. సాబిరా ఎజె లోపల కుర్చీలు సర్దిస్తోంది.

"నువ్వు పుట్టుకతోనే ఎడమచేతి వాటమా?"

మేరిమ్ బెదిరిపోయింది. "మార్చుకుంటాను ఎజె."

"మార్చుకోవడం ఎందుకు? ఎడమచేత్తో కొట్టే పిల్ల ఒక్కర్తి దొరుకుతుందా అని జిల్లా అంతా గాలించాను నేను. ఎదుటి జట్టుకి ఆ బంతి ఎటు నించి వస్తుందో తెలిసి చావదు. బడి వయసులోనే ఈ ఊరొచ్చుంటే నా చేతిలో పడేదానివి." మేరిమ్‌ని కిందనించి పైకి చూసి, "ఎత్తు కూడా పరవాలేదు," అని గొణుక్కుంది.

మేరిమ్ నవ్వబోయి, లోపలి గది వైపు చూసి ఆపుకుంది.

"మీ ఆడబిడ్డ కూతురిని బడినించి రోజూ నువ్వే తీసుకెళ్తావు కదూ? కాస్త ముందు రా. ఆటల గదిలో ఉంటాను. సూదులు తెచ్చుకో."

"మీకు... మీకు నేర్పడం వచ్చా ఎజె?"

"అల్లడమే రాదు," అంది కాలిపా కోటు బొత్తాలు పెట్టుకుంటూ. "నేర్పడం వచ్చు."

*

ఇంటికొచ్చాక ఆ మాట ఎంత గొప్పగా అనేసిందో కాలిపాకి తెలిసొచ్చింది. పొయ్యి పక్కన కూర్చుని మొదటినించి మళ్ళీ అల్లసాగింది. వేళ్ళు బిగుసుకుని, ఉచ్చులు సూదికి కరుచుకుపోయి కదలనన్నాయి. ఆమె భర్త బోలోత్ చైనా కనుమ మీదుగా సరుకు లారీ నడుపుతాడు. మంచు పడి దారి మూసేయడంతో ఇంటిపట్టునే ఉన్నాడు. మాంసం, ఉల్లిపాయలు వేయించిన మూకుడు బల్ల మీద పెట్టి, రొట్టె తుంచుకుంటూ ఆమె అవస్థ కాసేపు చూశాడు. చివరికి చేతులు తుడుచుకుని వచ్చాడు.

"ఇలా ఇయ్యి. చూడలేకపోతున్నాను. ఊలుని ఉరి తీస్తున్నావు."

ఆమె చేతుల్లోంచి సూదులు తీసుకున్నాడు. కూర్చోనైనా కూర్చోకుండా ఒక వరస అల్లాడు, తిప్పాడు, ఇంకో వరస అల్లాడు. సూదుల చప్పుడు సన్నగా, ఎక్కడా ఆగకుండా నడిచింది.

కాలిపా నోరు తెరుచుకుని చూసింది. "నీకెప్పుడొచ్చింది ఇది?"

"కనుమ మీద. దారి మూస్తే లారీలో కూర్చుని ఎంతసేపని పేకాడతాం? ఓష్ ఊరివాడొకడు నేర్పాడు. మేమందరం అల్లుతాం. కిందకి దిగాక ఎవడూ చెప్పడు."

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా అన్నావా?"

"నువ్వు అడిగావా? నీకు చెప్తే ఈల ఊది బజారంతా పోగుచేస్తావు." అని ఆమె పాదాల వైపు చూపించాడు. "ఆ మేజోళ్ళు ఎక్కడివనుకున్నావు?"

"బజార్లో కొన్నానన్నావు."

"అన్నాను."

కాలిపా తన మేజోళ్ళని కొత్తగా చూసుకుంది. మడమ దగ్గర ఎర్ర గీత, వేళ్ళ దగ్గర బిగుతుగా, చక్కగా ముగించిన పని. ఆమెకి నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. రెండూ బయటపడకుండా, "సరే, కూర్చో. నేర్పు. నేను రేపు ఇంకొకరికి నేర్పాలి," అంది.

"ఇవాళ నేర్చుకుని రేపు నేర్పుతావా?"

"ఏం, నాకన్నా వెనక ఉన్నవాళ్ళకి నేను చాలనా?"

బోలోత్ చాలునన్నట్టు తలాడించాడు. ఆమె వెనక మోకాళ్ళ మీద కూర్చుని, భుజాల మీదుగా చేతులు చాపి చూపించాడు. "స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకో. బిగపట్టి తోలేవాడే లోయలో పడేది. వరస అయిపోగానే ఆగి, వెనక్కి చూసుకో. ఎన్ని ఉచ్చులతో బయల్దేరావో అన్నీ ఉండాలి. నీ టోపీ పైకి సన్నబడిందెందుకు? దారిలో ప్రయాణికుల్ని పారేసుకున్నావు గనక."

ఆమె అల్లింది. కొన్ని పారేసుకుంది, కొన్ని అదనంగా ఎక్కించుకుంది. నాలుగో ప్రయత్నానికి పట్టీ రెండంచులూ ఇంచుమించు తిన్నగా నిలిచాయి.

"ఎడమచేతి వాళ్ళకి ఎలా చెప్పాలో మాత్రం నాకు తెలీదు," అన్నాడు బోలోత్. "మా వాళ్ళలో ఎవడూ లేడు."

"ఎలా చెప్పాలో నాకు తెలుసు," అంది కాలిపా.

*

ఆటల గదిలో రబ్బరు వాసన, చల్లటి ఇనుప పైపులు. వల అవతల అమ్మాయిలు బంతి కొడుతున్నారు. గోడవార పొడుగు బెంచీ మీద కాలిపా అటొక కాలూ ఇటొక కాలూ వేసి కూర్చుంది. మేరిమ్‌ని తన పక్కన కాక ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చోబెట్టుకుంది.

"అద్దంలో చూసుకుంటున్నాననుకో. నా కుడి చెయ్యి ఎటుంటే నీ ఎడమ చెయ్యి అటు. నన్నే చూడు, ఇంకేమీ ఆలోచించకు."

కాలిపా సూది ఉచ్చులోకి దూరింది. ఎదురుగా మేరిమ్ సూది కూడా దూరింది. కాలిపా ఊలు చుట్టి లాగింది. మేరిమ్ చుట్టి లాగింది. ఇద్దరూ ఒకే తాడు రెండు కొసలు పట్టుకుని ఆడుతున్నట్టుంది. ఒక వరస అయ్యేసరికి మేరిమ్ వేగం పుంజుకుంది. రెండో వరసలో కాలిపా వెనకపడి, ఆ పిల్ల చేతుల్ని చూసి తనే నేర్చుకోవలసి వచ్చింది.

"ఆగు ఆగు. గురువుకన్నా ముందుకి పోకూడదు."

మేరిమ్ నవ్వింది. ఎవరూ వినడం లేదని తెలిసి నవ్విన నవ్వు అది, పెద్దగా వచ్చింది.

చేతులు అలవాటుపడ్డాక మాటలు వచ్చాయి. కాలిపా పడవవాడి గురించి ఎత్తగానే మేరిమ్ మనిషే మారిపోయింది. "దీపాల పిల్ల కోసం అతను వెనక్కి తిరగడం తప్పు ఎజె," అంది ఖచ్చితంగా. "పడవ నిండా జనం ఉన్నారు. ఒక్కర్తి కోసం అందర్నీ ముంచేవాడు."

"ముంచలేదుగా."

"గాలి మళ్ళింది గనక. గాలి మళ్ళుతుందని అతనికి తెలుసా?"

"తెలీదు. తెలీకుండానే తిరిగాడు. అందుకే నాకు ఇష్టం."

"మా నాన్న ఒప్పుకోడు. ఆయనది సరస్సులో చేపల పడవ. పడవలో ఉన్నవాళ్ళే ముందు, ఒడ్డునున్నవాళ్ళు తరవాత అంటాడు." మేరిమ్ చేతులు ఆగాయి. "నీళ్ళ చప్పుడు వినిపిస్తుందనే ఈ కథ చూడ్డం మొదలుపెట్టాను ఎజె. పెళ్ళయి ఇక్కడికొచ్చాక రాత్రిళ్ళు ఏ చప్పుడూ ఉండేది కాదు."

కాలిపా తన వరస చివర ఆగి, ఉచ్చులు చూసుకుంది.

మరునాడు మేరిమ్ అరిచినంత పని చేసింది. పట్టీ మధ్యలో ఒక ఉచ్చు ఎప్పుడో జారిపోయి, కింద వరసల్లోకి నిచ్చెన మెట్లలా విడిపోతూ దిగిపోయింది. ఆ పిల్ల చెయ్యి వెంటనే సూదిమీదకి పోయింది, మొత్తం లాగి పారేయడానికి.

"ఉండు," అంది కాలిపా. "ఏమైందో చూడనీ ముందు."

"పాడైపోయింది ఎజె."

"మొదటి బంతి వలకి తగిలిందని ఏ పిల్లనీ ఇంటికి పంపలేదు నేను. దీన్ని ఎలా బాగుచెయ్యాలో నాకూ తెలీదు. ఇద్దరం తెలుసుకుందాం."

ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఆ చిన్న నిచ్చెనని చూశారు. బంతి ఆట ఆపి ఒకళ్ళిద్దరు అమ్మాయిలు కూడా చేరారు. చివరికి మేరిమ్ జుట్టులోంచి పిన్ను తీసింది. అడుగున వేలాడుతున్న ఉచ్చుని పిన్నుతో పట్టి, దాని పైనున్న అడ్డపోగుని అందులోంచి లాగింది. ఉచ్చు ఒక మెట్టు ఎక్కింది. మళ్ళీ లాగింది. ఇంకో మెట్టు. పైదాకా వచ్చి సూదిమీద కూర్చున్నాక, ఎక్కడ జారిందో వెతికినా కనిపించలేదు.

"ఎవరు చెప్పారు నీకు?" అంది కాలిపా.

"ఎవరూ చెప్పలేదు," అంది మేరిమ్ ఆశ్చర్యంగా, తన చేతుల్నే చూసుకుంటూ.

ఆ వారం చివరికి బెంచీ నిండిపోయింది. వాలీబాల్ పిల్లలు, బడిలో వంట చేసే బుర్మా, లెక్కల టీచరు, అందరూ టోపీ కావాలన్నారు. కాలిపా ఎంచుకున్నది అందరిలోకీ తేలికైన దారి. నలుపలకల పట్టీ ఒకటి అల్లడం, మధ్యకి మడిచి పక్క కుట్టడం, పైన పోగు గుచ్చి చేసంచీ మూతిలా దగ్గరికి లాగి ముడివేయడం. పడవవాడి టోపీ మీదుండే తెల్ల గీత మాత్రం ఎవరికి వాళ్ళు ఎక్కడ వీలైతే అక్కడ వేసుకోవాలి. పాడైతే నేర్పేవాళ్ళు మాటతోనే చెప్పాలి, చెయ్యి వేయకూడదు. అంతకన్నా ఇంకే నియమమూ లేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం తలుపు తెరుచుకుని సాబిరా ఎజె లోపలికి వచ్చింది. వెనకే, మేరిమ్ రోజూ బడినించి తీసుకెళ్ళే మనవరాలు అయ్‌దా. ఆ పిల్ల ముఖం చూడగానే ఆటల గది సంగతి ఇంట్లో ఎవరు చెప్పారో తెలిసిపోయింది.

మేరిమ్ లేచి నిలబడింది. ఎడమచేతిలో సూది అలాగే ఉండిపోయింది.

"కోటు తొడుక్కో. ఇంటికి," అంది సాబిరా ఎజె మేరిమ్‌తో. తరవాత కాలిపా వైపు తిరిగింది. గొంతు బాగా తగ్గించింది. "ఇది నా ఇంటి కోడలు, కాలిపా. నీ బడి పిల్ల కాదు. నేను వద్దన్నది చాటుగా చేయించడానికి నువ్వెవరు?"

"చాటుగా కాదు ఎజె. తలుపు తీసే ఉంది. మీరు ఎప్పుడొచ్చినా చూసేవారు."

"పెళ్ళిళ్ళలో నలుగురూ చూస్తారు. ఎడమచేత్తో టీ పోస్తే ఏమంటారో నీకు తెలీదా? నువ్వు ఈల వేసుకుని ఇంటికి పోతావు. మాట పడేది ఈ పిల్ల. దాని మంచికే చెప్తున్నాను."

ఆ చివరి మాటలో నిజంగానే భయం ఉంది. కాలిపా వినిపించుకుంది. ఏదో అనబోతూండగా వల అవతలినించి, "జాగ్రత్త," అని కేక వినిపించింది. గట్టిగా కొట్టిన బంతి గీత దాటి, గోడ వైపు, తిన్నగా అయ్‌దా తల మీదకి వచ్చేస్తోంది.

సాబిరా ఎజె అటు తిరిగిందో లేదో, ఆమె చెయ్యి లేచింది. బంతి ఫట్‌మని ఆ అరచేతికి తగిలి పక్కకి ఎగిరిపోయింది. సంచీ పట్టుకున్న కుడి చెయ్యి ఉన్నచోటే ఉంది. లేచింది ఎడమ చెయ్యి.

బంతి మూలకి దొర్లుకుపోయి ఆగింది.

దెబ్బకి కందిన అరచెయ్యి వైపు సాబిరా ఎజె ఎవరో పరాయివాళ్ళదన్నట్టు చూసింది. కాలిపా ఆమె పక్కకి వచ్చి, బెంచీ చివర చోటు చూపించింది. ఎవరికీ వినపడకుండా, "ఎజె, బంతి మీదకి వచ్చినప్పుడు ఎవరూ ఆలోచించి చెయ్యి ఎత్తరు," అంది.

సాబిరా ఎజె కూర్చుంది. మనవరాలి జుట్టు అనవసరంగా సర్దింది. తరవాత మేరిమ్‌తో మాట్లాడింది.

"మా అమ్మ ఆ చేతికి మేజోడు తొడిగి మణికట్టు దగ్గర కట్టేసేది. అన్నం తినేటప్పుడు, రాసేటప్పుడు, అల్లేటప్పుడు. నేను ఏడిస్తే ఆమె కూడా ఏడ్చేది. కానీ విప్పేది కాదు." ఆమె కందిన అరచెయ్యి తిప్పి చూసుకుంది. "కుడిచేత్తో అల్లడం వచ్చేసరికి నాకు బడి అయిపోయింది. తరవాత ఈ చేతి సంగతే మర్చిపోయాను. అది మర్చిపోలేదన్నమాట."

ఆమె చెయ్యి చాపి మేరిమ్ అల్లిన పట్టీ అందుకుంది. బెంచీ మీద సూదులన్నీ ఆగిపోయాయి. మేరిమ్ మాత్రం దాన్ని లాక్కోలేదు, తల కూడా వంచలేదు. అత్తగారి ముఖంలోకే చూస్తూ నిలబడింది.

సాబిరా ఎజె అల్లికని తిప్పి వెనక వైపు చూసింది. బొటనవేలితో అంచు పొడుగునా రాసింది. ఊలు కొస ఆమె వేళ్ళకి తగిలింది, పక్కకి తప్పించింది. పట్టీని మడిచి తిరిగి మేరిమ్ చేతికే ఇచ్చింది.

"అంచు వదులుగా ఉంది," అంది. లేచి, అయ్‌దాని తీసుకుని బయటికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "అది పూర్తిచేసుకునే రా. పాలు నేను పితుకుతాను," అంది.

*

శనివారం సినిమా హాలు ముందు గట్టు నిండా జనం. పసుపు చేతొడుగులు, చేపముల్లు గీతల కండువాలు, ఒకాయన భుజాన అట్టముక్కలతో చేసిన తెడ్డు. బోలోత్ కూడా వచ్చాడు. తలమీద పడవవాడి టోపీ, ఎక్కడా వంక పెట్టడానికి లేనిది. "ఎక్కడ కొన్నావు?" అని పక్కింటివాడు అడిగాడు. బోలోత్ భార్య వైపు చూశాడు. ఆమె ఈల తీసి నోటి దగ్గర పెట్టుకుంది. "నేనే అల్లాను," అన్నాడు బోలోత్ గబగబా. పక్కింటివాడు ఆ టోపీని తీసి లోపలంతా తిప్పి చూసి, "మా ఆవిడకి చెప్పకు. నాకూ నేర్పు," అన్నాడు.

ఫొటోగ్రాఫరు వరసలు సర్దుకోమన్నాడు. సాబిరా ఎజె రాణిగారి శాలువా కప్పుకుని మెట్ల మీద నిలబడింది. దాన్ని అల్లడానికి చలికాలమంతా పట్టింది. చూసినవాళ్ళందరూ ఒక అడుగు వెనక్కి వేసి దారి ఇస్తున్నారు. ఆటల గది బెంచీవాళ్ళంతా గోడ పక్కన నిలబడి ఉన్నారు. రమ్మన్నారో వద్దన్నారో వాళ్ళకి తెలీదు. కాలిపా ఎవరినీ అడక్కుండా నడిచి వెళ్ళి ముందు వరసలో నిలబడింది.

సాబిరా ఎజె ఆమెని చూసింది. "నీ టోపీ ఒక చెవినే కప్పుతోంది కాలిపా."

"రెండోదానితో మీ మాట వినాలి కద ఎజె."

జనం నవ్వారు. సాబిరా ఎజె పెదవి కూడా ఒక పక్కకి కదిలింది. గోడ వైపు చూసి, "అక్కడ నిలబడ్డారేం? ఎండ పోతోంది, రండి," అంది. వాళ్ళు వచ్చారు. ఒకరి తెల్ల గీత నుదుటి మీద ఉంది, ఒకరిది పక్కకి జారింది, వంటమనిషి బుర్మాది వెనక్కి పోయి ఎవరికీ కనిపించడం లేదు. మేరిమ్ చివర నిలబడబోయింది.

"నువ్వు అక్కడ కాదు," అంది అత్తగారు. శాలువా ఒక కొంగు ఎత్తి పట్టుకుని తన పక్కన చోటు చేసింది. మేరిమ్ వచ్చి నిలబడింది. రాణిగారి శాలువా, దాని పక్కన పడవవాడి టోపీ, అలా ఫొటో పడింది.

హాల్లో దీపాలు ఆరాక కాలిపా వాళ్ళ వెనక వరసలో కూర్చుంది. తెర మీద నీళ్ళ చప్పుడు మొదలైంది. పడవవాడు పొగమంచులోంచి వచ్చాడు, హాలంతా ఈలలు వేసింది. సాబిరా ఎజె కోడలి వైపు వంగడం కాలిపా చూసింది.

"పడవలో ఉన్న ఈ ముసలివాడెవరు? రాణి ఇతన్ని చూసి ఎందుకలా అయిపోయింది?"

మేరిమ్ తెల్లబోయి చూసింది. "మీరు... మీరు చూడలేదా అమ్మా? ఒక్క భాగం కూడా?"

"పటాల్లో శాలువా చూశాను. చాలదా అల్లడానికి?" సాబిరా ఎజె కాస్త చిన్నబోయినట్టు ముందుకే చూస్తూ అంది. "మీరందరూ మాట్లాడుకుంటూంటే అడగడానికి సిగ్గేసింది."

*

మరునాడు గ్రంథాలయంలో అందరూ రాకముందే సాబిరా ఎజె వచ్చి కూర్చుంది. బల్ల మొదట్లో ఉన్న తన కుర్చీలో కాదు. కిటికీ పక్కనున్న ముక్కాలిపీట మీద. ఎదురుగా ఇంకో ముక్కాలిపీట ఖాళీగా ఉంది. ఒళ్ళో చవక రకం ఎర్ర ఊలు, లావుపాటి సూదులు, కొత్తగా చేరినవాళ్ళకి ఇచ్చేవి.

"రా, కూర్చో," అంది మేరిమ్ లోపలికి రాగానే. "ఎదురుగా."

మేరిమ్ కూర్చుని తన సూదులు తీసింది. సాబిరా ఎజె సూదిని ఎడమచేతిలోకి మార్చుకుంది. ఊరి మొత్తానికి అల్లిక నేర్పిన మనిషి వేళ్ళు కాసేపు ఎటు పోవాలో తెలియక ఆగిపోయాయి. మొదటి ఉచ్చు జారింది. రెండోది బిగిసింది. గుల్‌బారా నోరు తెరవబోయింది. కాలిపా బల్లకింద ఆమె కాలు తొక్కింది.

మేరిమ్ తొందరపెట్టలేదు. తన వరస అతి నెమ్మదిగా అల్లుతూ, అత్తగారి చేతులు అందుకునేదాకా ప్రతి ఉచ్చు దగ్గరా ఆగింది. ఒక వరస పూర్తయింది. అంచు ఒక చోట ఉబ్బి, ఒక చోట నొక్కుకుపోయి, చిన్నపిల్ల అల్లినట్టుంది. సాబిరా ఎజె దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. చూసి, పక్కన పెట్టలేదు. తిప్పి పట్టుకుంది.

"ఈ చెయ్యి మొద్దు. దారికొచ్చేసరికి చాలా కాలం పడుతుంది," అంది. "అందాకా ఊరికే కూర్చోవడమెందుకు? ఆ కథ చెప్పు. మొదటినించి చెప్పు, ఏదీ వదిలెయ్యకు."

మేరిమ్ బల్ల వైపు చూసింది. అత్తవారింటికి వచ్చిన్నాటినించి ఈ బల్ల దగ్గర ఆమె సరేనమ్మా అన్న మాట తప్ప ఇంకేమీ అనలేదు. ఆడవాళ్ళందరూ సూదులు ఆపి ఆమె వైపే చూస్తున్నారు. చూపు తిప్పుకున్నవాళ్ళు ఒక్కళ్ళూ లేరు. కాలిపా తన కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ముందు నీళ్ళు పెరిగాయి," అని మొదలుపెట్టింది మేరిమ్. గొంతు సన్నగా వచ్చింది. ఒకసారి సవరించుకుని, మళ్ళీ, ఈసారి గది చివరిదాకా వినిపించేలా చెప్పింది. "అది వసంతకాలం. మంచు కరుగుతోంది, మామూలే అనుకున్నారు అందరూ. పడవ చేసుకున్నవాడు ఊరంతటికీ ఒక్కడే ఉన్నాడు. అతన్ని చూసి అందరూ నవ్వేవారు."